నీళ్ళలో నిలవని మందు: ఎర్నెస్ట్ చెయిన్ జీవితగాథ

పెన్సిలిన్ అనగానే మనకు చప్పున గుర్తుకొచ్చే పేరు అలెగ్జాండర్ ఫ్లెమింగ్. గాజుపళ్ళెంలో బూజు పట్టిన కథ హైస్కూలు పుస్తకంలో చదవని వాళ్ళెవరు? కాస్త ఎక్కువ చదివిన వాళ్ళు హోవర్డ్ ఫ్లోరీ పేరు కూడా చెబుతారు. 1945లో ఆ ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి పంచుకున్న మూడో మనిషి ఎవరని అడిగితే మాత్రం చాలామందిమి తల గోక్కుంటాం.

ఆ మూడో మనిషి ఎర్నెస్ట్ బోరిస్ చెయిన్. ఈ వ్యాసం ఆయన గురించీ, ఆయన జీవితమంతా వెంట నడిచిన ఒక చిన్న ప్రశ్న గురించీ. ఒక మందును నీళ్ళలో కలిపి సీసాలో ఉంచితే, అది ఎంతసేపు మందుగా మిగిలి ఉంటుంది?

ప్రశ్న మామూలుదే. ఫార్మసీ, కెమిస్ట్రీ చదివే వాళ్ళం పరీక్షలో దీనికి రెండు పేజీల జవాబు రాసి పాసైపోతాం. కానీ ఈ ప్రశ్నకు జవాబు దొరకకనే పెన్సిలిన్ పది పన్నెండేళ్ళ పాటు ఎవరికీ పనికిరాకుండా పడి ఉంది. ఆ పదేళ్ళలో చిన్న గాయం చీము పట్టి చనిపోయిన వాళ్ళు, పురిటి జ్వరంతో పోయిన తల్లులు, న్యుమోనియాతో పోయిన పసివాళ్ళు ఎందరో! ఆ సంగతి తలుచుకుంటే ఇది పరీక్ష ప్రశ్న మాత్రమే కాదని తెలుస్తుంది.

బెర్లిన్ నుంచి ఇంగ్లండు దాకా

చెయిన్ 1906 జూన్ 19న బెర్లిన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. తండ్రి మైఖేల్ రష్యా నుంచి రసాయనశాస్త్రం చదువుకోవడానికి జర్మనీ వచ్చి, అక్కడే స్థిరపడి సొంతంగా రసాయన పరిశ్రమ నడిపాడు. పిల్లవాడికి చిన్నప్పుడే తండ్రి ప్రయోగశాల మీద మోజు పుట్టింది. అయితే 1919లో తండ్రి కన్నుమూశాడు. కుటుంబం ఒక్కసారిగా ఇబ్బందుల్లో పడింది. ఇల్లు గడవడానికి తల్లి మార్గరెట్ తమ ఇంటినే అతిథిగృహంగా మార్చి నడుపుకొచ్చింది.

చెయిన్‌కు పియానో అంటే ప్రాణం. వట్టి సరదా కాదండీ, కచేరీలు చేసేంతటి విద్వత్తు! సంగీతమా, సైన్సా అని చాలాకాలం ఊగిసలాడాడు. చివరికి సైన్సే గెలిచింది. 1930లో బెర్లిన్ విశ్వవిద్యాలయం నుంచి పట్టా తీసుకుని, షారిటే ఆసుపత్రిలో ఎంజైముల మీద పరిశోధన మొదలుపెట్టాడు.

1933 జనవరిలో హిట్లరు గద్దె ఎక్కాడు. యూదులకు అక్కడ నూకలు చెల్లాయని చెయిన్ తొందరగానే గ్రహించాడు. ఆ ఏడే జేబులో పది పౌండ్లు పెట్టుకుని ఇంగ్లండు చేరాడు. తల్లీ, చెల్లెలూ బెర్లిన్‌లోనే ఉండిపోయారు. ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకోండి, మళ్ళీ వద్దాం.

కొత్త దేశం, కొత్త భాష. కేంబ్రిడ్జిలో విటమిన్ల పరిశోధకుడు హాప్కిన్స్ దగ్గర ఫాస్ఫోలిపిడ్ల మీద పనిచేసి డాక్టరేటు సంపాదించాడు. 1935లో ఆక్స్‌ఫర్డులో పేథాలజీ ప్రొఫెసరుగా వచ్చిన ఆస్ట్రేలియా వాడు ఫ్లోరీ, తన డిపార్ట్‌మెంటుకు ఒక బయోకెమిస్టు కావాలని హాప్కిన్స్‌ను అడిగాడు. హాప్కిన్స్ చెయిన్ పేరు చెప్పాడు. అలా కలిశారు ఇద్దరూ. ఒకరు మాట పొదుపు, మొండిపట్టు ఉన్న ఆస్ట్రేలియా డాక్టరు. ఇంకొకరు జుట్టు చెదిరి, మీసం పెంచి, చూడగానే ఐన్‌స్టీన్ జ్ఞాపకం వచ్చే ఆవేశపరుడు. తరవాతి రోజుల్లో వాళ్ళకు పొసగలేదన్నది నిజం. కానీ వాళ్ళు కలవకపోతే పెన్సిలిన్ మందయ్యేది కాదన్నదీ అంతే నిజం.

అందరూ వదిలేసిన చోట

1938లో చెయిన్ లైబ్రరీలో కూర్చుని, సూక్ష్మజీవులు ఒకదాన్నొకటి చంపుకునే సంగతి మీద వచ్చిన పాత వ్యాసాలు తిరగేస్తున్నాడు. అందులో 1929లో ఫ్లెమింగ్ రాసిన వ్యాసం కంటబడింది. ఒక జాతి బూజు పెరిగిన రసం బాక్టీరియాలను చంపుతోందనీ, ఆ రసానికి పెన్సిలిన్ అని పేరు పెట్టాననీ ఫ్లెమింగ్ అందులో రాశాడు. దాంతోపాటు ఒక ఇబ్బంది కూడా దాచకుండా రాశాడు. గది వేడిలో ఉంచితే ఆ రసం పది పధ్నాలుగు రోజుల్లో శక్తిలో చాలా భాగం పోగొట్టుకుంటోంది. ఆమ్లమూ క్షారమూ కాకుండా తటస్థంగా ఉంచితే ఇంకొంతకాలం నిలుస్తోంది.

ఆ తరవాత 1932లో లండనులో రైస్ట్రిక్ అనే పేరుమోసిన రసాయన శాస్త్రజ్ఞుడు తన బృందంతో ప్రయత్నించాడు. రసాన్ని పుల్లగా చేసి ఈథర్‌తో గిలక్కొడితే పెన్సిలిన్ ఈథర్‌లోకి వచ్చింది. సరే, ఈథర్‌ను ఎగరగొడితే పొడి మిగులుతుందనుకున్నారు. తీరా చూస్తే మిగిలిన దాంట్లో పెన్సిలిన్ శక్తి లేదు! ఇంత చపలమైన పదార్థంతో పని జరగదని పక్కన పెట్టేశారు. ఫ్లెమింగ్ కూడా దాన్ని మందుగా తయారుచేసే ఆశ చాలామటుకు వదులుకున్నాడు.

ఇక్కడే చెయిన్ గొప్పతనం. అందరూ దారి మూసుకుపోయింది అనుకున్న చోట ఆయనకు పని కనిపించింది. ఎందుకంటే ఆయన ఎంజైముల మనిషి. వేడి తగిలితే చెడిపోయేవీ, కాస్త పులుపు ఎక్కువైతే విరిగిపోయేవీ ఆయనకు రోజూ అలవాటే. చెడిపోతోందంటే దానికి ఏదో కారణం ఉండాలి. ఆ కారణాన్ని దూరంగా ఉంచితే చెడిపోకూడదు కదా అన్నది ఆయన తర్కం. పెన్సిలిన్ కూడా ఒక ఎంజైమే అయివుంటుందని మొదట ఊహించాడు. ఆ ఊహ తప్పు. కానీ ఆ తప్పు ఊహే ఆయన్ని సరైన తలుపు దగ్గరకు తీసుకెళ్ళింది.

అదృష్టం చూడండి! ఫ్లెమింగ్ బూజు కోసం లండనుకు రాయాలేమో అనుకుంటుంటే, తమ భవనంలోనే ఆ బూజు ఏళ్ళ తరబడి పెరుగుతోందని తేలింది. ఇంకేదో పనికి తెప్పించుకున్న పాత ప్రొఫెసరు పోయినా, బూజును మాత్రం ఎవరో పోషిస్తూనే వచ్చారు.

1939 సెప్టెంబరులో యుద్ధం మొదలైంది. డబ్బు కోసం ఫ్లోరీ అర్జీ పెడితే సర్కారువారి మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ముందుగా ఇచ్చింది ఇరవై అయిదు పౌండ్లు! చివరికి అమెరికాలోని రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఆదుకుంది. పాత్రలకు కరువొచ్చి ఆసుపత్రి బెడ్‌పాన్లలోనూ, పాల క్యాన్లలోనూ బూజు పెంచారు. ఇవాళ పరికరాలు లేవని ప్రాక్టికల్స్ ఎగ్గొట్టే మనం ఈ సంగతి ఒకసారి తలుచుకోవాలి.

చలి, తొందర, పొడి

ఆక్స్‌ఫర్డు బృందం గెలుపు మూడు మాటల్లో చెప్పొచ్చు. చలి, తొందర, పొడి.

బృందంలో నార్మన్ హీట్లీ అనే యువకుడు ఉండేవాడు. చేతిపనిలో అసాధ్యుడు. బూజు రసాన్ని మంచులా చల్లబరిచి, పుల్లగా చేసి, గబగబా ఈథర్‌లోకి లాగాలి. ఇంతవరకూ పాతదే. ఈథర్‌ను ఎగరగొట్టకుండా, దాన్ని తటస్థంగా ఉన్న నీళ్ళతో గిలక్కొడితే పెన్సిలిన్ తిరిగి నీళ్ళలోకే వస్తుందన్నది హీట్లీ ఆలోచన. అంటే పులుపులో ఉండే సమయాన్ని కొద్ది నిమిషాలకు తగ్గించి, ఆ కాసేపూ చలిలో ఉంచడమన్నమాట. పని జరిగింది!

ఇప్పుడు నీళ్ళలో పెన్సిలిన్ ఉంది. కానీ నీళ్ళలో ఎంతకాలం ఉంటుంది? నీళ్ళు పోగొట్టాలంటే కాచాలి, కాస్తే చస్తుంది. దీనికి విరుగుడుగా చెయిన్ వాడుకున్నది అప్పుడప్పుడే వాడకంలోకి వస్తున్న ఫ్రీజ్ డ్రైయింగ్. ద్రావణాన్ని గడ్డకట్టించి, గాలి తోడేసిన పాత్రలో పెడితే మంచు కరగకుండానే ఆవిరైపోతుంది. వేడి తగలదు, నీరు పోతుంది. అడుగున గోధుమరంగు పొడి మిగిలింది. ఆ పొడి చెడిపోలేదు!

ఇవాళ ఆసుపత్రి మందుల బీరువా తెరిచి చూడండి. ఇంజక్షన్ పెన్సిలిన్‌లు చాలామటుకు పొడిగానే వయల్‌లో ఉంటాయి. వాడే ముందు నీళ్ళు కలుపుతారు. ఎందుకలా అని మనం ఎప్పుడైనా ఆలోచించామా? 1940లో ఆక్స్‌ఫర్డులో చెయిన్ చేతిలో మిగిలిన ఆ పిడికెడు పొడే దానికి మూలం.

ఆ ఏడు మార్చిలో రెండు ఎలుకలకు ఆ పొడి ఎక్కించి చూస్తే వాటికేమీ కాలేదు. అందులో అసలు పెన్సిలిన్ చాలా కొద్ది, మిగతాదంతా మలినమే అని తరవాత తేలింది. మే 25న ఫ్లోరీ ఎనిమిది ఎలుకలకు ప్రాణాంతకమైన స్ట్రెప్టోకాకస్ ఎక్కించి, నాలిగింటికి మాత్రం పెన్సిలిన్ ఇచ్చాడు. హీట్లీ రాత్రంతా కూర్చున్నాడు. తెల్లవారుజాముకు మందు పడని నాలుగూ చచ్చిపోయాయి, మందు పడిన నాలుగూ బతికే ఉన్నాయి. అదే సమయంలో ఫ్రాన్సు తీరాన డంకర్క్‌లో బ్రిటిషు సైన్యం చిక్కుకుని ఉంది. జర్మన్లు దిగితే బూజు వాళ్ళ చేతికి చిక్కకుండా తమతో తీసుకుపోవడానికి, ఆ శాస్త్రజ్ఞులు కోటు లోపలి గుడ్డకు దాని బీజాలు రుద్దుకున్నారు.

1941 ఫిబ్రవరి 12న మొదటి రోగికి మందు మొదలైంది. ఒళ్ళంతా చీము పట్టి చావుబతుకుల్లో ఉన్న ఒక పోలీసు. మందు నరంలోకి ఎక్కించారు, మూడేసి గంటలకొకసారి. ఒక్క రోజులో మనిషిలో మార్పు వచ్చింది. జ్వరం దిగింది, అన్నం సయించింది. కానీ మందు సరిపోలేదు. అతని మూత్రంలోంచి పెన్సిలిన్ తిరిగి తీసి మళ్ళీ ఎక్కించారు. అయిదు రోజులకు అదీ అయిపోయింది. మార్చి 15న అతను పోయాడు. మందు పనిచేసింది, మందు చాలలేదు. ఒక్కొక్క మిల్లీగ్రాము పెన్సిలిన్ చెడిపోకుండా కాపాడుకోవడమంటే ఏమిటో ఆ వార్డులో నిలబడ్డ వాళ్ళందరికీ తెలిసివచ్చింది.

ప్రాణమూ అందులోనే, గండమూ అందులోనే

ఇంతకీ పెన్సిలిన్ ఎందుకింత సున్నితం? ఆ ప్రశ్న చెయిన్‌ను వదల్లేదు. ఎంజైము కాదని అప్పటికే తేలింది, చిన్న అణువు. చిన్న అణువైతే ఇంత చపలత్వం ఎందుకు? 1943 అక్టోబరులో చెయిన్, ఆయన సహచరుడు ఎడ్వర్డ్ అబ్రహాం కలిసి దాని నిర్మాణం గురించి ఒక సాహసమైన ఊహ చేశారు. అణువు నడుమ నాలుగే నాలుగు పరమాణువుల వలయం ఉందన్నారు. మూడు కార్బన్లు, ఒక నైట్రోజన్. బీటా లాక్టమ్ వలయం అంటారు దాన్ని. ఆక్స్‌ఫర్డులోనే ఉన్న మహా రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ రాబిన్సన్ ఒప్పుకోలేదు. ఆయన గీసిన బొమ్మ వేరు. 1945లో డొరోతీ హాడ్జ్‌కిన్ ఎక్స్ కిరణాలతో స్ఫటికాన్ని పరీక్షించి తేల్చేసింది. వలయం ఉంది. పెద్దాయన ఓడాడు, కాందిశీకుడు గెలిచాడు.

ఆ వలయం సంగతి ఒక పోలికతో చెబుతాను. ఎలకల బోను ఎక్కుపెట్టామనుకోండి. స్ప్రింగు బిగిసి ఉంటుంది. ఎలక ముట్టుకుంటే టప్పున పడుతుంది. నాలుగు పరమాణువులను చతురస్రంలా వంచితే బంధాలన్నీ అలాగే బిగుసుకుని ఉంటాయి. బాక్టీరియా తన చుట్టూ గోడ కట్టుకోవడానికి వాడే ఎంజైము దీన్ని ముట్టుకోగానే వలయం తెరుచుకుని ఆ ఎంజైముకే అతుక్కుపోతుంది. గోడ ఆగిపోతుంది, బాక్టీరియా పగిలి చస్తుంది. అదీ పెన్సిలిన్ ప్రతాపం.

అయితే బోనుకు ఎలక ఎవరో, పిల్లవాడి వేలు ఏదో తెలీదు కదా! నీళ్ళు తగిలినా ఆ వలయం తెరుచుకుంటుంది. ఆమ్లం తగిలితే ఇంకా తొందరగా, క్షారం తగిలినా తొందరగా, వేడి తోడైతే మరీ తొందరగా. రాగి, జింకు వంటి లోహాలు కాస్త ఉన్నా దానికి చేటే. కొన్ని బాక్టీరియాలు ఈ వలయాన్ని తెరవడానికే ఒక ఎంజైము తయారుచేసుకుంటాయని చెయిన్, అబ్రహాం 1940లోనే ప్రకటించారు. దానికి పెన్సిలినేజ్ అని పేరు పెట్టారు. మందు ఇంకా మనిషికి ఎక్కక ముందే మందుకు లొంగని రోగక్రిముల జాడ పట్టుకున్నారంటే ఎంత దూరదృష్టి!

ఒకసారి పడిపోయిన బోను మళ్ళీ దానంతటది లేవదు. వలయం తెరుచుకున్న పెన్సిలిన్‌ను పెన్సిలోయిక్ ఆమ్లం అంటారు. అది రోగక్రిమిని చంపలేదు. పైగా అది ఆమ్లం కాబట్టి ద్రావణాన్ని ఇంకా పుల్లగా చేస్తుంది, ఆ పులుపుకు మిగతా పెన్సిలిన్ ఇంకా వేగంగా చెడుతుంది. ఒక కుళ్ళిన మామిడిపండు గంపనంతా పాడుచేసినట్టే. అందుకే కొన్ని పెన్సిలిన్ పొడుల్లో పి.హెచ్. దిగిపోకుండా సిట్రేటు లవణం కలుపుతారు. పి.హెచ్. 6, 7 మధ్య ఉన్నప్పుడు బెంజైల్ పెన్సిలిన్ అన్నిటికంటే ఎక్కువసేపు నిలుస్తుంది. పొడిగా ఉంటే ఏళ్ళ తరబడి ఉండే మందు, నీళ్ళు కలిపాక ఫ్రిజ్‌లో ఉంచినా సుమారు వారం లెక్కే.

యుద్ధమూ, ఇంటి దుఃఖమూ

1941 వేసవిలో ఫ్లోరీ, హీట్లీ అమెరికా వెళ్ళారు, పెన్సిలిన్‌ను పెద్ద ఎత్తున తయారుచేయించడానికి. ఆ ప్రయాణం సంగతి చెయిన్‌కు చివరి నిమిషం దాకా చెప్పలేదు. ఆయన మనసు విరిగింది. పేటెంటు తీసుకోవాలని ఆయన ముందునుంచీ మొత్తుకున్నాడు. వైద్యుడి పరిశోధనకు పేటెంటు తగదని ఇంగ్లండు పెద్దలు కొట్టిపారేశారు. ఆయన్ను డబ్బు మనిషి అన్నట్టు చూశారు. తీరా తయారీ పద్ధతుల మీద అమెరికాలో పేటెంట్లు పుట్టాయి. తరవాత ఇంగ్లండు తయారీదార్లే అమెరికా పద్ధతులకు డబ్బు కట్టవలసి వచ్చింది. చెయిన్ మాట నెగ్గింది గానీ, ఆలస్యంగా.

1944 జూన్‌లో మిత్రసైన్యాలు నార్మండీ తీరాన దిగేనాటికి గాయపడ్డ సైనికులకు చాలినంత పెన్సిలిన్ సిద్ధంగా ఉంది. 1945లో నోబెల్ బహుమతి వచ్చింది. లోకమంతా చప్పట్లు కొట్టింది.

కానీ ఆయన ఇంట్లో పండగ లేదు. బెర్లిన్‌లో ఉండిపోయిన తల్లీ, చెల్లెలూ నాజీల చేతుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. లోకానికి ప్రాణాలు నిలబెట్టే మందు ఇచ్చిన చేతులు, కన్నతల్లిని మాత్రం కాపాడుకోలేకపోయాయి. అలాంటి వార్త తెలిసిన మనిషి ఏ మనసుతో స్టాక్‌హోమ్ వేదిక ఎక్కి ఉంటాడు? చదివే మనకే గొంతు పట్టేస్తుంది.

రోము నుంచి మన వార్డు దాకా

1948లో చెయిన్ పెళ్ళి చేసుకున్నాడు. భార్య ఆన్ బెలాఫ్ కూడా బయోకెమిస్టే. ఆ ఏడే ఇటలీ పిలిస్తే రోము వెళ్ళాడు. బూజును పెద్ద తొట్లలో పెంచి పరిశోధించే సౌకర్యం ఇంగ్లండు ఇవ్వలేనిది అక్కడ దొరికింది. బీచం అనే ఇంగ్లీషు కంపెనీ ఆయన సలహా అడిగితే, కొత్త బూజుల వేటకంటే పెన్సిలిన్ అణువునే మార్చి చూడమన్నాడు. ఆ కంపెనీ యువకులు కొందరు రోములో ఆయన దగ్గర పనిచేసి వెళ్ళారు. 1957లో వాళ్ళ బృందానికి పెన్సిలిన్ నడిమి భాగం ఒక్కటే విడిగా దొరికింది. దానికి ఎవరికి కావలసిన తోక వాళ్ళు తగిలించుకోవచ్చు! 1960లో మెథిసిలిన్, 1961లో ఆంపిసిలిన్ వచ్చాయి.

ఆంపిసిలిన్ అంటే మనకు పరిచయం అక్కర్లేదు. మన వైపు పల్లెటూరి మందుల షాపులో కూడా ఆ పేరు తెలియని వాళ్ళుండరు. కడుపులో ఆమ్లానికి ఓర్చుకునే గుణం దానికి ఉంది కాబట్టి గొట్టాల రూపంలో మింగొచ్చు. అయితే నరానికి ఎక్కించడానికి నీళ్ళలో కలిపినప్పుడు అది తన తాత కంటే కూడా చపలం! ఎందుకంటారా? కొత్తగా తగిలించిన తోకలో ఒక అమైనో గుంపు ఉంది. అది పక్క అణువు వలయాన్ని పొడుస్తుంది. అణువులు ఒకదానికొకటి అతుక్కుని గొలుసులవుతాయి. అందుకే ద్రావణం ఎంత చిక్కగా ఉంటే అంత త్వరగా చెడుతుంది. చిక్కటి మందు ఎక్కువ నిలుస్తుందని మనం అనుకుంటాం, ఇక్కడ లెక్క తిరగబడింది.

దేంట్లో కలిపామన్నది ఇంకో సంగతి. మామూలు సెలైన్‌లో, మిల్లీలీటరుకు 30 మిల్లీగ్రాములు మించకుండా కలిపితే, 25 డిగ్రీల దగ్గర సుమారు 8 గంటలు నిలుస్తుంది. అదే 5 శాతం గ్లూకోజ్ బాటిల్‌లో కలిపితే గాఢతను బట్టి గంట నుంచి నాలుగు గంటలే. చక్కెర అణువులు కూడా ఆ వలయాన్ని తెరుస్తాయి మరి. వయల్‌లో చిక్కగా కలిపి నేరుగా ఇచ్చేదైతే గంటలోపు ఇచ్చేయాలి. జెంటామైసిన్‌ను పెన్సిలిన్ జాతి మందుతో ఒకే బాటిల్‌లో కలపవద్దనడానికీ కారణం ఇదే. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని పాడవుతాయి.

చల్లగా ఉంచితే మంచిదే కదా, అయితే ఫ్రీజర్‌లో పెట్టేస్తే ఇంకా మంచిది కదా అనిపిస్తుంది. బెంజైల్ పెన్సిలిన్ విషయంలో కొంత నిజమే. గడ్డకట్టించి 20 డిగ్రీల మైనస్‌లో ఉంచే బ్యాగులు కొన్ని దేశాల్లో వాడుకలో ఉన్నాయి. కానీ ఆంపిసిలిన్‌ను అలా గడ్డకట్టిస్తే ఫ్రిజ్‌లో కంటే ఎక్కువ పాడవుతుంది! నీరు మంచుగా మారుతుంటే, మిగిలిన కాస్త ద్రవంలోకి మందంతా చేరి చిక్కబడుతుంది. చిక్కబడితే ఏమవుతుందో పైన చెప్పుకున్నాం. చలి ఎప్పుడూ మిత్రుడే అనుకుంటే పొరపాటు.

మందులో నూటికి పది పాళ్ళు పోయేదాకా పనికొస్తుందన్నది సాధారణంగా పాటించే లెక్క. పుస్తకంలో గది వేడి అంటే 25 డిగ్రీలు. మన వైపు మే నెలలో, కరెంటు పోయిన మధ్యాహ్నం, రేకుల గదిలో ఎంత వేడి ఉంటుందో వేరే చెప్పాలా? పది డిగ్రీలు పెరిగితే చెడే వేగం రెండు మూడు రెట్లు అవుతుంది. ఎనిమిది గంటల లెక్క అక్కడ ఎనిమిది గంటలు కాదు. ఈ రోజుల్లో రోగిని ఇంటికి పంపి, ఒంటికి కట్టుకునే పంపుతో మందు ఎక్కించే పద్ధతి కూడా వచ్చింది. పంపు ఒంటిని ఆనుకుని ఉంటే ఒంటి వేడి దానికీ తగులుతుంది. కాబట్టి ఎన్ని గంటలన్నది ఆ వేడి దగ్గరే పరీక్షించి చూసుకోవాలి.

ఇందులో భయపడవలసిన సంగతి ఒకటుంది. చెడిపోయిన పాలు విరిగి కనిపిస్తాయి. చెడిపోయిన అన్నం వాసన వేస్తుంది. చెడిపోయిన ఆంపిసిలిన్ మాత్రం చాలాసార్లు తేటగా, నీళ్ళలాగే ఉంటుంది. ఎక్కించే సిస్టరుకూ తెలీదు, డాక్టరుకూ తెలీదు, మంచం పక్కన కూర్చున్న తల్లికి అసలే తెలీదు. చీటీలో గ్రాము అని ఉంటుంది. ఒంట్లోకి అంత వెళ్ళదు. జ్వరం తగ్గకపోతే మందు పనిచేయలేదనుకుంటాం, క్రిమి మొండిదనుకుంటాం, ఇంకా ఖరీదైన మందుకు మారుతాం. అరకొర మోతాదు రుచి చూసిన క్రిమి నిజంగానే మొండిదయ్యే ప్రమాదం కూడా ఉంది. అంతేకాదు, తెరుచుకున్న వలయం ఒంట్లోని ప్రోటీన్లకు అతుక్కోవడమే పెన్సిలిన్ పడకపోవడానికి ముఖ్యకారణం.

చివరి రోజులు

చెయిన్ 1960ల్లో లండను తిరిగివచ్చి ఇంపీరియల్ కాలేజీలో బయోకెమిస్ట్రీ శాఖను నడిపాడు. 1969లో సర్ బిరుదు వచ్చింది. ఎవరితోనూ తేలిగ్గా రాజీపడే మనిషి కాదు. గట్టిగా మాట్లాడతాడు, త్వరగా నొచ్చుకుంటాడు. పియానో మాత్రం వదల్లేదు. 1979 ఆగస్టు 12న ఐర్లండులో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు డెబ్బై మూడు.

ఆయన జీవితం నుంచి విద్యార్థులమైన మనం నేర్చుకోవలసింది ఏమిటి? కష్టపడితే ఫలితం దక్కుతుందని ఒక ముక్కలో చెప్పి ముగించవచ్చు. కానీ నాకు తోచింది వేరు. ఒక వస్తువు బలహీనత చూసి అందరూ దాన్ని పారేస్తే, చెయిన్ ఆ బలహీనతనే తరిచి తరిచి అడిగాడు. ఎందుకు చెడుతున్నావు? ఏది తగిలితే చెడుతున్నావు? ఎంతసేపట్లో చెడుతున్నావు? ఆ అడగడంలోనే దాని బలం ఎక్కడుందో బయటపడింది. రెండూ ఒక్క వలయంలోనే ఉన్నాయి.

మనలో కొందరు రేపు ఫార్మసిస్టులవుతారు, కొందరు మందుల కంపెనీల్లో చేరతారు, కొందరు లెక్చరర్లవుతారు. అందరికీ నోబెల్ బహుమతులు రావు. కానీ కలిపిన బాటిల్ మీద ఏ మందు, ఎంత, దేంట్లో, ఎన్ని గంటలకు కలిపారో రాసి అంటించడానికి నోబెల్ బహుమతి అక్కర్లేదు, ఒక చీటీ, ఒక పెన్ను చాలు. గంట దాటిన దాన్ని మొహమాటపడకుండా పారబోయడానికి కాస్త ధైర్యం చాలు. ఎక్కడో బెర్లిన్‌లో తల్లిని పోగొట్టుకున్న ఒక మనిషి కాపాడి ఇచ్చిన పొడి అది. మన ఊళ్ళో ఇంకొక తల్లి బిడ్డ ఒంట్లోకి అది చేరేదాకా మందుగానే ఉండేలా చూడటం మన వంతు.